నాకు రెండో నంబర్ చాలు

ప్రేమచంద్‌కి ఓడిపోవడం కొత్త కాదు, ఓడిపోయానని ఒప్పుకోవడమే అలవాటు లేదు.

మస్కట్‌లో తెలుగు మిత్ర సమితి అని ఒకటుండేది. ఎనభై ముగ్గురు సభ్యులు, రెండు మైకులు, ఒక హార్మోనియం దాని ఆస్తి. రెండేళ్లకోసారి ఎన్నికలు. ప్రేమచంద్ రెండుసార్లు నిలబడ్డాడు, రెండుసార్లూ కూర్చున్నాడు. మొదటిసారి జనానికి తెలివి లేక ఓడించారన్నాడు. రెండోసారి జనం మరీ తెలివిమీరిపోయారన్నాడు.

నిజానికి అతనికి పదవి మీద మోజు లేదు. మోజంతా నాటకం మీద. సమితికి సొంత హాలు లేదు కాబట్టి ఒక ఆనవాయితీ ఏర్పడింది. సాంస్కృతిక కార్యదర్శి ఎవరైతే వాళ్లింట్లోనే ఉగాది నాటకానికి రిహార్సల్స్. టీలు కూడా ఆ ఇంటివాళ్లవే. కిందటి కార్యదర్శి దీపావళికి ఉద్యోగం వదిలేసి ఇండియా వెళ్లిపోతే, ఆ ఖాళీలోకి ప్రేమచంద్ తాత్కాలికంగా దూరాడు. అప్పట్నుంచి వాడి కబీర్ అనే పేటలోని అతని రెండు గదుల ఫ్లాటు ప్రతి శుక్రవారం రాజాస్థానమైపోయింది. నాటకం 'శిథిల సింహాసనం'. రాసింది అతనే, రాజూ అతనే.

చిక్కల్లా రాణితో వచ్చింది. నాటకంలో రాణితో కాదు, ఇంట్లో రాణితో.

మణికుమారి పెద్దాసుపత్రిలో నర్సు. గురువారం రాత్రి డ్యూటీ చేసి శుక్రవారం పొద్దున ఏడున్నరకి బస్సు దిగేది. ఎనిమిదింటికి మంచమెక్కేది. ఎనిమిదీ ఐదుకి ముందు గదిలో తొమ్మిది మంది మగాళ్లు తొడలు చరిచేవారు.

"ద్రోహీ! నా ఖడ్గానికి ఆకలేస్తోంది!" అని ప్రేమచంద్ గర్జించేవాడు.

"వంటింట్లో నిన్నటి ఉప్మా ఉంది, దానికి పెట్టి పడుకోబెట్టండి!" అని పడగ్గదిలోంచి వినిపించేది.

ఒకసారి బిల్డింగు కాపలాదారు పరిగెత్తుకుంటూ పైకొచ్చి, ఎవరిని చంపుతున్నారో కనుక్కుని వెళ్లాడు. చచ్చేది మంత్రి అని తెలిసి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎన్నికలయ్యేదాకా కాస్త ఓర్చుకో మణీ," అన్నాడు ప్రేమచంద్ ఒక శుక్రవారం, బృందం వెళ్లిపోయాక.

"అయ్యాక?"

"అయ్యాక ఈ తాత్కాలికం పోతుంది."

మణికుమారి మొహం వికసించింది.

"పర్మినెంట్ అవుతాను," అన్నాడతను.

వికసించిన మొహం అలాగే వాడిపోయింది. "అంటే రెండేళ్లు. నూట నాలుగు శుక్రవారాలు." వేళ్లు మడవకుండానే చెప్పిందామె. "దేవుడే ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడండీ. ఆయనకి నాటకం రాసే బంధువులు లేరు కాబట్టి సాగింది."

"కళాకారుడి భార్య త్యాగం చెయ్యాలి మణీ."

"చేస్తూనే ఉన్నాగా. కళ్ల కింద చూడండి, ఎంత నల్లగా పేరుకుందో నా త్యాగం."

అలా అని దుప్పటి ముసుగు పెట్టుకుంది. ప్రేమచంద్ దాన్ని అంగీకారంగా తీసుకున్నాడు. ఎదుటివాళ్లు మాట్లాడ్డం మానేస్తే ఒప్పుకున్నట్టే అని అతని నమ్మకం.

ఆ ఏడాది, అంటే తొంభై మూడులో, ఎన్నికల పద్ధతి మారింది. అంతకుముందు ఒక్కొక్కరికి మూడు ఓట్లుండేవి. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు కూడబలుక్కుని మూడు సీట్లూ ఎగరేసుకుపోయేవారు. సైట్లలో పనిచేసేవాళ్లకీ, నర్సులకీ ఏమీ దక్కేది కాదు. గొడవ ముదిరాక ఎక్స్‌రే విభాగంలో పనిచేసే పెద్దాయన లెవి గారు దామాషా పద్ధతి అని ఒకటి తెచ్చిపెట్టారు. ఎన్నికల అధికారీ ఆయనే. రువిలో ఒక హోటల్ పైఅంతస్తులో అందర్నీ కూర్చోబెట్టి వివరించారు.

"సీట్లు మూడు. మీకొక్కొక్కరికి ఒక్కటే చీటీ. అందులో అందరికన్నా ఇష్టమైన మనిషి పేరు ఎదురుగా ఒకటి వెయ్యండి. తర్వాత వాళ్లకి రెండు, మూడు, అలాగ. ముందు ఒకట్లే లెక్కపెడతాం. ఇరవై ఒకటి వచ్చినవాళ్లు గెలిచినట్టే. ఆపైన మిగిలిన చీటీలు పారెయ్యం, వాటి మీద రెండో నంబర్ ఎవరికుంటే వాళ్లకి పంపిస్తాం."

హమ్రియాలో ఉండే లచ్చన్న మేస్త్రి చెయ్యెత్తాడు. సైట్ మనుషుల తరఫున నిలబడుతున్నది అతనే. "అంటె అన్నం మిగిల్తె పక్క రూమోళ్లకు ఇచ్చినట్టు. గంతేగద సారూ?"

"అంతే. అప్పటికీ సీటు మిగిలితే, అడుగున ఉన్నవాణ్ని తీసేస్తాం. వాడి చీటీలు కూడా తర్వాతి నంబర్ ఎవరికుంటే వాళ్లకి పోతాయి."

"మంచిగున్నది. సచ్చినోని వాటా గూడ పోదన్నట్టు."

అందరూ నవ్వారు. ప్రేమచంద్ నవ్వలేదు. అతని బుర్రలో దీపం వెలిగింది. ఆ దీపం వెలిగినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి మాడిపోవడం మణికుమారికి అనుభవమే.

ఇంటికి రాగానే మొదలుపెట్టాడు. అతను వాడి కబీర్‌లో కారు విడిభాగాల దుకాణంలో కౌంటర్ మీద ఉంటాడు. లోకంలోని సమస్త విషయాలూ అతనికి విడిభాగాల్లాగే అర్థమవుతాయి.

"ఒకటో నంబర్ అంటే కంపెనీ పార్టు మణీ. ఖరీదెక్కువ, అందరూ దానికోసమే కొట్టుకుంటారు. రెండో నంబర్ అంటే మార్కెట్ పార్టు. మస్కట్‌లో బళ్లన్నీ దేంతో తిరుగుతున్నాయి?"

"మనదైతే తొయ్యడంతో తిరుగుతోంది."

"విను ముందు! ఒకటో నంబర్ ఇమ్మంటే ఎవడూ ఇవ్వడు. రెండో నంబర్ అంటావా, అది ఎవడికీ అక్కర్లేదు. అడిగితే ఊరికే ఇచ్చేస్తారు. ఊరంతా నాకు రెండో నంబర్ వేస్తే? గెలిచినవాడి మిగులూ నాకే, పోయినవాడి చీటీలూ నాకే!"

"మరి మీకు ఒకటో నంబర్ ఎవరు వేస్తారు?"

"అది చిన్న విషయం."

"చిన్నదే," అంది మణికుమారి. "స్కూటర్‌కి ముందు చక్రమంత."

అతను అప్పటికే జేబులోంచి నామినేషన్ కాగితం తీశాడు. "ఇక్కడ సంతకం పెట్టు."

"నేనెందుకు?"

"నువ్వు కూడా నిలబడుతున్నావు."

నర్సులకి ప్రేమచంద్ మీద సదభిప్రాయం లేదు. ఏడాది క్రితం ఆసుపత్రి వార్షికోత్సవంలో మూడున్నర గంటలు ఏకపాత్రాభినయం చేశాడని వాళ్ల కోపం. వాళ్ల ఓట్లన్నీ హమ్రియాలో టైపింగ్ సెంటర్ నడిపే నిజాముద్దీన్‌కి పోయేలా ఉన్నాయి. ఆయన వాళ్ల వీసా కాగితాలు ఓపిగ్గా టైపు చేసి పెడతాడు. మణికుమారి నిలబడితే నర్సులు ఆమెకి ఒకటి వేస్తారు. ఆవిడ భర్త కదా అని ఇతనికి రెండు వేస్తారు. ఆమె ఎలాగూ అడుగున ఉంటుంది. ఆమెని తీసేయగానే చీటీలన్నీ ఇతని ఖాతాలోకి వచ్చి పడతాయి. అదీ పథకం.

"అంటే నేను ఓడిపోవడానికి నిలబడాలన్నమాట," అంది మణికుమారి.

"ఓడిపోవడం అనకు. నన్ను గెలిపించడం అను."

"పెళ్లైన పన్నెండేళ్లలో నన్ను చాలా చెయ్యమన్నారు కానీ, నన్నే మెట్టు చెయ్యడం ఇదే మొదలు." కాసేపు కాగితం వంక చూసి, "లెవి గారు పంచిన ఆ రూల్సు కాగితం ఏదీ?" అని అడిగింది.

అతను ఇచ్చాడు. ఆమె రెండుసార్లు చదివింది. మందుసీసా మీద చీటీ చదివినట్టు, అడుగున చిన్న అక్షరాలతో సహా చదివింది. తర్వాత సంతకం పెట్టేసింది.

ఇంత సులువుగా పెట్టేసిందేమిటా అని ప్రేమచంద్‌కి ఒక్క క్షణం అనుమానం రావలసింది. రాలేదు.

మర్నాటి నుంచి బేరాలు మొదలయ్యాయి.

మొదటి బేరం జితేందర్‌తో. జితేందర్ బ్యాంకు ఆఫీసరు, ఆఫీసు వర్గం అభ్యర్థి. ఆయన మాట్లాడుతుంటే మైకులు వేడెక్కేవి కాబట్టి మైకు జితేందర్ అనేవారు. ప్రేమచంద్ ఆయన దగ్గర గొంతు తగ్గించి, "మా నాటక బృందం, వాళ్ల ఇళ్లల్లో వాళ్లు అంతా మీకు ఒకటి వేస్తారు. మీవాళ్లు నాకు రెండు వెయ్యాలి," అన్నాడు.

జితేందర్ సరేనని చెప్పడానికి ఇరవై నిమిషాలు మాట్లాడాడు.

రెండో బేరం హమ్రియాలో, లచ్చన్న రూమ్‌లో. "వాడి కబీర్ వర్క్‌షాపుల్లో మెకానిక్కులంతా నా కౌంటర్ మనుషులే. వాళ్ల ఒకట్లు నీకు లచ్చన్నా. మీ క్యాంపు రెండ్లు నాకు."

లచ్చన్న గ్లాసులో చాయ్ పోసిచ్చి తల గోక్కున్నాడు. "మంచిదే సారూ. గని నీ ఒకట్లు ఆయనకిన్ని, నాకిన్ని పంచితివి. నీకేం మిగుల్తది?"

"రాజకీయం లచ్చన్నా, నీకర్థం కాదు."

"కాకపాయె. చాయ్ తాగు."

మూడో బేరం నిజాముద్దీన్‌తో. అప్పటికి ఇవ్వడానికి ప్రేమచంద్ దగ్గర ఒకట్లు అయిపోయాయి. ఒక్కటే మిగిలింది. అది అతని సొంతం.

"నా ఓటు మీకే నిజాముద్దీన్ భాయ్. నా చేత్తో ఒకటి వేస్తా. మీవాళ్ల రెండ్లు నాకు."

నిజాముద్దీన్ టైపు కొట్టడం ఆపి కళ్లద్దాలు పైకి తోశాడు. "అరె తమ్మీ, భాభీ గూడ నిలబడ్డది గద?"

"ఆవిడదేముంది, ఊరికే నిలబెట్టాను."

ఆ మాట అంటున్నప్పుడు నిజాముద్దీన్ భార్య బిల్కీస్ తెర వెనక, వాళ్లు కాపురముండే గదిలో అన్నం వారుస్తోంది. బిల్కీస్ ఆసుపత్రిలో మణికుమారి వార్డులోనే ఆయాగా పనిచేస్తుంది. ఇది ప్రేమచంద్‌కి తెలియని విషయం కాదు. గుర్తుకు రాని విషయం.

ఇళ్లకు వెళ్లి అడిగేటప్పుడు మాత్రం భార్యాభర్తలిద్దరూ కలిసే వెళ్లేవారు. మణికుమారి అంత సహకరిస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు. గుమ్మంలోనే అందుకునేది.

"మా ఆయనకేమండీ, ఎలాగూ గెలుస్తారు. ఊరంతా ఆయనవైపే. ఆయనకి రెండో నంబర్ చాలు."

"చాలు, చాలు," అనేవాడతను వినయంగా.

"ఆయనకి ఒకటి వేస్తే పూర్తిగా వృథా."

"వృథా!" అనేవాడతను మరింత వినయంగా.

తర్వాత మగవాళ్లు ముందు గదిలో కూర్చునేవారు. మణికుమారి ఇంటావిడతో వంటింట్లోకి వెళ్లేది. కాసేపటికి లోపల్నుంచి నవ్వులు వినిపించేవి. నాటక బృందంలో వాళ్ల ఇళ్లల్లో ఆ నవ్వులు కాస్త ఎక్కువసేపు వినిపించేవి. వచ్చే రెండేళ్లు ప్రతి శుక్రవారం మొగుళ్లు ఇంట్లో ఉండని ఇళ్లు అవి. ఆడవాళ్లు రొయ్యల పచ్చడి గురించి మాట్లాడుకుంటున్నారని ప్రేమచంద్ అనుకున్నాడు.

పోలింగ్ ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, అదే హోటల్లో. ఎనభై మూడు మందీ వచ్చారు. ఎన్నిక తర్వాత బిర్యానీ అని ముందే చెప్పారు. ప్రేమచంద్ కోటు వేసుకున్నాడు. కోటు జేబులో కృతజ్ఞతా ప్రసంగం ఉంది. మాట ఇచ్చాడు కాబట్టి తన చీటీలో నిజాముద్దీన్‌కి ఒకటి వేశాడు, తనకి రెండు. కళ్లముందు ఎనభై రెండ్లు బారులు తీరి నడిచొస్తుంటే ఒక్క ఒకటి దేనికి?

లెవి గారు చీటీలు విప్పి ఒకటో నంబర్లు చదవడం మొదలుపెట్టారు.

"జితేందర్. లచ్చన్న. మణికుమారి. జితేందర్. నిజాముద్దీన్. లచ్చన్న. మణికుమారి. మణికుమారి..."

మణికుమారి పేరు మూడోసారి వచ్చినప్పుడు ప్రేమచంద్ పక్కవాడితో, "నర్సుల చీటీలన్నీ ఒకచోటే పడ్డట్టున్నాయి," అన్నాడు. పదమూడోసారి వచ్చినప్పుడు వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. నర్సులు ఆమెతో కలిపి పన్నెండు మందే.

డబ్బా అడుగంటుతుండగా లెవి గారు, "ప్రేమచంద్," అన్నారు.

అతను ఊపిరి పీల్చుకున్నాడు. మొదలైంది!

అయిపోయింది కూడా. లెవి గారు డబ్బా బోర్లించి దులిపి చూపించారు. "జితేందర్ ఇరవై ఐదు. లచ్చన్న ఇరవై నాలుగు. వీళ్లిద్దరూ గెలిచారు. మణికుమారి పదిహేడు. నిజాముద్దీన్ పదహారు. ప్రేమచంద్ ఒకటి."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి.

"పర్వాలేదు, పర్వాలేదు," అన్నాడు ప్రేమచంద్ అందరివైపూ చెయ్యి ఊపుతూ. "రెండ్లు ఇంకా రాలేదుగా!"

రెండ్లు వచ్చాయి. జితేందర్‌కి మిగిలిన నాలుగు చీటీలు, లచ్చన్నకి మిగిలిన మూడు లాటరీ తీసి చూస్తే, ఏడింటిలోనూ రెండో నంబర్ ప్రేమచంద్‌దే. నాటక బృందం చప్పట్లు కొట్టింది. ప్రేమచంద్ సగం లేచి నమస్కారం పెట్టాడు.

"ఎనిమిది," అన్నారు లెవి గారు. "అయినా అందరికన్నా తక్కువే. ప్రేమచంద్‌ని తీసేస్తున్నాం."

సగం లేచినవాడు పూర్తిగా లేచాడు. "తీసెయ్యడమేంటండీ! నాకు ఇంకా డెబ్భై రెండ్లున్నాయి, ఆ చీటీల్లో చూడండి!"

"ఉంటే ఉంటాయి బాబూ. వాటి మీద ఒకటో నంబర్ ఉన్నవాళ్లు ఇంకా పోటీలో ఉన్నారు, లేదా సరిపడా తీసుకుని గెలిచారు. వాళ్లు వదిలితే కదా నీ వంతు."

"అన్నం మిగల్లే సారూ," అన్నాడు లచ్చన్న నిజంగానే బాధపడుతూ.

ఇక ఒక్క సీటు. ప్రేమచంద్ కుప్పలోని ఎనిమిది చీటీలు అటో ఇటో పోవాలి. లెవి గారు ఒక్కొక్కటే తీశారు. నిజాముద్దీన్. మణికుమారి. నిజాముద్దీన్. నిజాముద్దీన్. మణికుమారి. నిజాముద్దీన్. మణికుమారి. ఏడు చీటీలయ్యేసరికి మణికుమారికి ఇరవై, నిజాముద్దీన్‌కి ఇరవై.

ఆఖరుది, ప్రేమచంద్‌కి వచ్చిన ఒకే ఒక్క ఒకటో నంబర్ చీటీ. హాలంతా మెడలు చాచింది. ప్రేమచంద్ మెడ అందరికన్నా ముందుంది. ఆ ఒక్క అభిమాని ఎవరో చూడాలని.

"ఒకటి ప్రేమచంద్," చదివారు లెవి గారు. "రెండు మణికుమారి. ఇరవై ఒకటి! మణికుమారి గెలిచారు!"

నర్సులు బల్లలు చరిచారు. నాటక బృందం వాళ్ల భార్యలు అంతకన్నా గట్టిగా చరిచారు. వాళ్ల భర్తలు భార్యల వంక చూసి, మళ్లీ బిర్యానీ వంక చూశారు. ప్రేమచంద్ మాత్రం ఆ చీటీ మీది అంకెల వంకే చూస్తున్నాడు. రోగి చార్టులో జ్వరం రాసినట్టు నిటారుగా, గుండ్రంగా ఉన్న ఆ అంకెలు అతనికి బాగా తెలుసు.

పదవుల పంపకం రెండు నిమిషాల్లో తేలిపోయింది. జితేందర్ అధ్యక్షుడు, లచ్చన్న కోశాధికారి, మణికుమారి సాంస్కృతిక కార్యదర్శి. నాలుగు మాటలు మాట్లాడమంటే ఆమె మైకు అందుకుంది.

"కార్యదర్శి ఇంట్లోనే రిహార్సల్స్ అన్నది ఆనవాయితీ అంటారు. ఈ కార్యదర్శికి శుక్రవారం పొద్దున నిద్ర ఉంది. అందుకని రిహార్సల్స్ ఉగాది దాకానే, అవీ లచ్చన్నగారి కంపెనీ క్యాంపు మెస్సులో పెట్టుకుందాం. జాగా ఉంది, టీ ఉంది, అరవై మంది చూసేవాళ్లున్నారు."

"తోలుండ్రి అమ్మా, మావోళ్లు ఖుషీ అయితరు!" అన్నాడు లచ్చన్న.

ఇంటికి వెళ్తుంటే కార్లో, రువి దాటాక ప్రేమచంద్ గొంతు సవరించుకున్నాడు.

"ఆ ఒక్కటి నువ్వే వేశావు కదూ?"

"నేనే."

"నిన్ను కాదని నాకెందుకు వేశావు?"

"ఇంట్లో మనిషి పదిమందిలో సున్నాతో నిలబడితే నాకు తలవంపులు కాదూ? పైగా మీరు పోగానే అది నా దగ్గరికే తిరిగొస్తుంది. రూల్సు కాగితంలో రాసుందిగా." ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "అవునూ, మీ ఒకటి ఎవరికి వేశారు?"

ప్రేమచంద్ గేరు మార్చాడు. మార్చవలసిన అవసరమేమీ లేదు, రోడ్డు చదునుగానే ఉంది.

"అదీ... మాట ఇచ్చాను కదా అని..."

"నిజాముద్దీన్ గారికి. బిల్కీస్ పదిరోజుల క్రితమే చెప్పింది. ఇంకొక్కటి అటు పడుంటే నా నూట నాలుగు శుక్రవారాలూ పోయేవే." ఆమె అతని వైపు తిరిగింది. "ఊరికే నిలబెట్టారట కదా నన్ను?"

అతను రెండో గేరులోనే ఇల్లు చేర్చాడు.

తర్వాతి శుక్రవారం ఏడున్నరకి మణికుమారి బస్సు దిగింది, ఎనిమిదింటికి మంచమెక్కింది. ప్రేమచంద్ క్యాంపుకి వెళ్లడానికి అప్పటికే తయారై, చెప్పులు చేత్తో పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. క్యాంపులో ఇస్తారి అనే కుర్ర తాపీ పనివాడు ఊళ్లో భాగోతాలు ఆడేవాడట. రాజు వేషం అతనికైతే నప్పుతుందని మెస్సులో అప్పుడే గుసగుసలు పుట్టాయట. వేషాలు తేల్చేది కార్యదర్శి. కార్యదర్శిని బతిమాలుకోవాలంటే ముందు ఆమె నిద్ర లేవాలి, లేచాక మంచి మూడ్‌లో ఉండాలి.

ఇంతలో కింద హారన్ మోగింది. వెంటనే మంత్రి వేషగాడు మెట్లెక్కి వచ్చి అలవాటుగా తలుపు దబదబా బాదుతూ, "మహారాజా! రథం సిద్ధం!" అని అరిచాడు.

ప్రేమచంద్ ఒక్క గెంతున వెళ్లి తలుపు సందు చేసి, వాడి నోటి మీద అరచెయ్యి పెట్టేశాడు.

"ష్... కార్యదర్శి గారు పడుకున్నారు."